నాతోపాటు ఈదమంటే నా వీపెక్కుతున్నాడు! కుక్కకి ఈత నేర్పినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

రేవుగట్టు | ఆదివారం, ఉదయం 9:40

అందరికీ నమస్కారమండి. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. కొబ్బరితోటలో సొంత చెరువుంది, నడిమధ్యన రెండు నిలువుల లోతు. రోజూ పొద్దున్నే ఓ అరగంట ఈదడం నాకు చిన్నప్పటి అలవాటు. మా లాబ్రడార్ సింబాకి రెండేళ్లు, 31 కిలోలు. ఇన్నాళ్లూ రేవు మెట్ల మీద కూర్చుని నన్ను చూసి అరిచేవాడు, అంతే.

పోయిన బుధవారం నేను నడిచెరువులో ఉండగా దబ్బున దూకేశాడు. నాకు ముచ్చటేసింది, ఎంత బాగా ఈదుతున్నాడో అని. ఆ ముచ్చట అర నిమిషమే. నేరుగా నా మీదకే వచ్చి రెండు ముంగాళ్లూ భుజాల మీద వేసి ఎక్కబోయాడు. నేను మునిగాను. పైకి తేలేసరికి మళ్లీ ఎక్కాడు. నాలుగు గుక్కలు చెరువు నీళ్లు తాగాను. ఎలాగో రేవు చేరాను గానీ వీపంతా గోళ్ల గీతలే. చొక్కా తగిలితే ఇప్పటికీ చురుక్కుమంటోంది. మా ఆవిడ "ఇంక చెరువూ వద్దు, కుక్కా వద్దు" అంటోంది.

వాడికి నీళ్లంటే ఇష్టమని తెలిసిపోయింది కాబట్టి ఆపడం కుదరదు. నా పక్కన బుద్ధిగా ఈదేలా నేర్పడం ఎలాగో చెప్పండి బాబూ.

మోటబావి_మల్లన్న | ఆదివారం, ఉదయం 10:15

దీనికింత ఆలోచన ఎందుకు తమ్మీ. మా నాయన నడుముకి సొరకాయ బుర్ర కట్టి నన్ను బావిలోకి తోసిండు, రెండు దినాల్లో ఈత వచ్చింది. కుక్కకి అదీ అక్కర్లేదు, పుట్టుకతోనే వస్తది. నాలుగుసార్లు విసిరెయ్, అదే నేర్చుకుంటది.

వెట్_ఉత్తరాంధ్ర | ఆదివారం, ఉదయం 11:02

మల్లన్నగారూ, మీ నాన్నగారు బుర్ర కట్టి తోశారు, పైన తాడు పట్టుకుని నిలబడ్డారు కూడా కదా? ఆ బుర్ర, తాడు లేకుండా విసిరేయడం వేరే సంగతి.

నేను పశువైద్యుణ్ని. విసిరేస్తే ఏమవుతుందో చెప్తాను. భయపడిన కుక్క ముందు కాళ్లతో నీళ్లని టపటపా కొడుతుంది. వెనక భాగం కిందికి దిగిపోయి ఒళ్లు నిటారుగా అవుతుంది. అలా కొట్టుకుంటే ముందుకి పోదు, రెండు మూడు నిమిషాల్లో అలిసిపోతుంది. దొరికినదాని మీదికి ఎక్కాలని చూస్తుంది. ఆ దొరికేది చాలాసార్లు యజమానే. అదృష్టం బాగుండి బయటపడినా, ఇక జన్మలో నీళ్ల దగ్గరికి రాని కుక్కల్ని చాలా చూశాను.

రేవుగట్టు గారూ, ముందు మీ వీపు సంగతి. మన కుక్కే కదా అని వదిలేయకండి. సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద పావుగంట కడగాలి. చర్మం చిట్లింది కాబట్టి డాక్టర్‌కి చూపించండి, సింబా రేబిస్ టీకా కార్డు వెంట తీసుకెళ్లండి. టీటీ సంగతి ఆయనే చూస్తారు. చెరువు నీళ్లలో దిగే కుక్కకి ఏడాదికోసారి ఎలుక జ్వరం టీకా, అంటే లెప్టో, తప్పనిసరి. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల నుంచి అది కుక్కకీ వస్తుంది, మనకీ వస్తుంది. కోనసీమలో మీకు నేను చెప్పేదేముంది, కొబ్బరితోటల్లో ఎలుకలకి కొదవా?

ఈత సంగతి సాయంత్రం రాస్తాను, ఒక గేదె ఈనడానికి ఇబ్బంది పడుతోందని ఫోనొచ్చింది.

పగ్_పావని | ఆదివారం, మధ్యాహ్నం 1:20

కుక్కలన్నీ పుట్టుకతో ఈదుతాయనేవాళ్లు హైదరాబాద్ వచ్చి మా లడ్డూని చూడాలి. వాడు పగ్. నీళ్లలో వదిలితే ఇటుకలా దిగిపోయాడు! మోకాలి లోతు కాబట్టి వెంటనే ఎత్తుకున్నాను. ముక్కు చప్పిడి, తల బరువు, కాళ్లు పొట్టి, ముక్కు నీళ్ల పైన ఉంచాలంటే ఒళ్లంతా నిటారుగా పెట్టాలి పాపం. బుల్‌డాగ్‌లదీ ఇదే కథ. ఎండాకాలం మా లడ్డూకి టబ్బులో పొట్ట తడిసేంత నీళ్లు పోస్తాను, వాడి సముద్రం అదే.

లాబ్‌లకి ఆ బాధ లేదు లెండి. వేళ్ల మధ్య పొర ఉంటుంది, తోక లావుగా చుక్కానిలా పనిచేస్తుంది. కెనడాలో న్యూఫౌండ్‌ల్యాండ్ జాలర్ల దగ్గర వలలు లాగిన కుక్కల వంశం మరి.

అనంత_చేను | ఆదివారం, మధ్యాహ్నం 3:45

నాకు తెలిసింది ఒక్కటే చెప్తా. కుక్కకి ఈత రాక కాదు, పైకెక్కే దారి దొరక్క పోతుంది.

మాది అనంతపురం జిల్లా, చీనీ తోట. డ్రిప్ కోసం చేనులో కుంట తవ్వించి అడుగునా పక్కలా ప్లాస్టిక్ షీటు పరిపించినాం. మా రాజుగాడు మామూలు ఊరకుక్క, ఈతలో వాణ్ని మించినోడు లేడు. వాగులో అటూ ఇటూ దాటేవాడు. రెండేళ్ల కిందట ఎండాకాలం, మేము పెళ్లికి పోయినాం. వాడు నీళ్లు తాగడానికి కుంటలోకి దిగినాడు. తిరిగొచ్చేసరికి తేలుతున్నాడు. షీటు మీద పైనుంచి కిందికి గోళ్ల గీతలు, ఒక్కచోట కాదు, కుంట చుట్టూతా. నాలుగు పక్కలా ప్రయత్నం చేసినాడన్నమాట. తడి షీటు మీద మనిషికే కాలు నిలవదు, కుక్కకేం నిలుస్తుంది.

ఇప్పుడు నాలుగు మూలలా పాత లారీ టైర్లు తాడుకి వరసగా కట్టి, పైన గట్టిగా పాతిన రాటలకి బిగించి నీళ్లలోకి వదిలినాం. చుట్టూ కంచె వేయించినాం. కుంట ఉన్నోళ్లు ఈ పని ఈరోజే చేయండి. కుక్కల కోసమే కాదు, పిల్లల కోసం కూడా.

రేవుగట్టు | ఆదివారం, సాయంత్రం 4:30

అన్నా, చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. మా చెరువుకి ఒకవైపే రేవు ఉంది. మిగతా మూడు వైపులా గట్టు నిటారుగా కోసుకుపోయి ఉంటుంది. సింబా ఆరోజు అటు పోయుంటే నా గతి, వాడి గతి ఏమయ్యేదో.

మోటబావి_మల్లన్న | ఆదివారం, సాయంత్రం 5:10

అనంత అన్నా, మాటల్లేవు. విసిరెయ్యమన్న నా మాట వాపస్ తీసుకుంటున్న. మా బావికి మెట్లుండె, అందుకే ఆ ధైర్యం. ఇప్పటి బావులకి రింగులు దింపుతున్నరు, మెట్లు ఏడున్నయ్?

వెట్_ఉత్తరాంధ్ర | ఆదివారం, రాత్రి 8:50

దూడా తల్లీ క్షేమం.

అనంత గారు చెప్పినదాంతోనే మొదలుపెట్టాలి. మొదటి వారం ఈత ఊసే వద్దు, రేవు నేర్పండి. సింబాకి పది మీటర్ల తేలికైన తాడు కట్టండి. మెడపట్టీకి కాదు, ఛాతీ చుట్టూ వేసే బెల్టుకి. మెట్ల దగ్గర నడుము లోతులో మీరు నిలబడి వాణ్ని వాడంతట వాడే దిగనివ్వండి. కాళ్లు అందే లోతులోనే అటూ ఇటూ తిప్పి, "రేవు!" అని ఒకే మాట గట్టిగా అని మెట్లవైపు తిప్పండి. మెట్టెక్కగానే కోడిమాంసం ముక్క. రోజుకి పది పన్నెండుసార్లు. చెరువులో ఏ మూల నుంచి రేవు అన్నా తల అటే తిరగాలి, అప్పుడే లోతుకి. వాడికి గుర్తుండేలా రేవు పక్కన ఎత్తుగా ఒక గుడ్డ జెండా కట్టండి. నీళ్లలో కుక్క కన్ను నీటిమట్టానికి కాస్త ఎత్తులోనే ఉంటుంది, మనకి కనిపించే మెట్లు దానికి కనిపించవు.

రెండోది, లైఫ్ జాకెట్. వీపు మీద పట్టుకోవడానికి పిడి ఉన్నదే కొనండి. మనుషుల జాకెట్ కట్టకండి, తల నీళ్లలోకి తోస్తుంది. మల్లన్న గారి సొరకాయ బుర్రకి ఇది మనవడనుకోండి. పాదాలు లేచిపోయే లోతుకి రాగానే ఒక చెయ్యి పిడి మీద, ఒక చెయ్యి పొట్ట కింద. పొట్ట కింద చెయ్యి ఎందుకంటే వెనక భాగం పైకి తేలాలి. వెన్ను నీటిమట్టానికి సమానంగా వచ్చిందా, వెనక కాళ్లు కూడా తొక్కుతున్నాడా, నీళ్లు చప్పుడు కాకుండా పోతున్నాయా చూడండి. టపటపా చప్పుడొస్తే భయపడుతున్నట్టు. మొదట రెండు మూడు నిమిషాలే, తర్వాత విరామం. అలిసినట్టు వాడు చెప్పడు, మీరే గమనించాలి. తోక కిందికి దిగడం, ముక్కు పైకెత్తడం, మీ దగ్గరికి రావాలని ఆత్రపడడం చాలు.

భోజనం పెట్టాక కనీసం రెండు గంటలు దింపొద్దు.

విశాఖ_అలలు | ఆదివారం, రాత్రి 9:35

వీపెక్కడం గురించి నేను చెప్తాను, ఆ దెబ్బలు తిన్నదాన్ని. మా గోల్డెన్ రిట్రీవర్ జున్ను ఇలాగే చేసేది.

తమ్ముడూ, నువ్వు ఏ ఈత ఈదుతున్నావు? బార బార వేసి చేతులు బయటికి తీసి కొడుతూ ఈదితే కుక్క కంటికి నువ్వు మునిగిపోతున్నట్టే. కాపాడదామనో ఆడుకుందామనో మీదికొస్తుంది. కుక్క పక్కనున్నంతసేపు చేతులు నీళ్లలోనే ఉంచి కప్పలా మెల్లగా ఈదాలి. నీళ్లు చిమ్మకూడదు. నేనిలా మార్చిన రోజే జున్ను గొడవ సగం తగ్గింది.

రెండోది, దానికి వీపు ఇవ్వకూడదు. ఎప్పుడూ కంటి కొసల్లో ఉంచుకోవాలి. మీదికొస్తుంటే వెనక్కి పారిపోతే ఇంకా వెంటపడుతుంది. పక్కకి తిరిగి, అరచెయ్యి దాని ఛాతీ మీద పెట్టి, మెల్లగా తోసి దాని ముక్కు ఒడ్డువైపు తిప్పాలి. అప్పటికీ ఎక్కేస్తే ఊపిరి పట్టి నిలువుగా కిందికి మునుగు. నువ్వు మునిగితే అది వదిలేస్తుంది, పక్కన తేలు. నేను చేతిలో ఎప్పుడూ ఒక ఎర్ర ట్యూబు లాంటి తేలే సంచి ఉంచుకుంటాను. అలిసిపోతే కాళ్లు దాని మీద వేస్తుంది, నా మీద కాదు.

నిండు చేతుల చొక్కా వేసుకో, గోళ్లు కత్తిరించు. ఇవి ముందే చేసుంటే నీ వీపు బాగుండేది.

ఇక మా దగ్గరికొస్తే కుక్కని సముద్రంలో దింపకండి, దయచేసి. ఋషికొండ, ఆర్కే బీచ్ దగ్గర పైకి ప్రశాంతంగా కనిపించే చోటే లోపలికి లాగేసే ప్రవాహం ఉంటుంది. అందులో పడ్డవాళ్లు ఒడ్డుకి ఎదురీదకుండా పక్కకి ఈదాలని మనకి చెప్తే అర్థమవుతుంది, కుక్కకి ఎవరు చెప్తారు? మీరు ఒడ్డున ఉంటే మీవైపే ఎదురీదుతుంది, అలిసిపోతుంది. వెంటపడి దూకి యజమానీ పోతాడు. పైగా ఉప్పునీళ్లు తాగితే విరేచనాలు. జున్ను అలల అంచున పరిగెత్తడం వరకే. ఈత కోసం వాళ్ల తాతగారి ఊరు చెరువుకి తీసుకెళ్తాం.

రేవుగట్టు | ఆదివారం, రాత్రి 10:05

అక్కా, మీరు చూసినట్టే చెప్పారు. నేను బారలు వేసే ఈదుతాను. నీళ్లు గట్టు దాకా చిమ్ముతాయి. వాడు నన్ను కాపాడ్డానికి వచ్చాడేమో, నేనేమో పొద్దున్నించీ తిడుతున్నాను.

భీమవరం_చెరువు | సోమవారం, ఉదయం 6:30

మా వైపువాళ్లకి ఒక హెచ్చరికండి. రొయ్యల చెరువుల్లో, చేపల చెరువుల్లో కుక్కని దింపొద్దు, మీరూ దిగొద్దు. ఏరియేటర్లకి కరెంటు వైర్లు నీళ్ల మీదుగానే పోతాయి. ఒక్క జాయింటు లీకైతే చాలు. ఆక్సిజన్ కోసం రాత్రంతా తిరుగుతుంటాయి, పొద్దున్న ఆగినట్టు కనిపించినా స్విచ్ వేసే ఉంటుంది. తోటల్లో మోటార్లకి కూడా ఇదే లెక్క. మెయిన్ ఆపి, ఫ్యూజు తీసి, అప్పుడు దిగండి.

ఇంకోటి, కాలువ. మీ చెరువు కుదరకపోతే కాలువలో నేర్పుదామని అనుకోవద్దు. కాటన్ దొర 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసినప్పటి నుంచీ మనవాళ్లు కాలువల్లోనే ఈత నేర్చుకున్నారు, నిజమే. కానీ లాకుల దగ్గర, తూముల దగ్గర లాగుడు పైకి కనిపించదు. ఇప్పుడు చాలాచోట్ల సిమెంటు లైనింగు కూడా వచ్చేసింది, రేవు తప్పిందంటే అర కిలోమీటరు దాకా ఎక్కే చోటుండదు.

ఆస్టిన్_అత్తయ్య | సోమవారం, ఉదయం 8:10

ఇక్కడ ఇప్పుడు రాత్రి. చదువుతూ కూర్చున్నాను, నిద్ర పట్టలేదు.

అందరూ మునగడం గురించే చెప్పారు, నీళ్ల రంగు గురించి నేను చెప్తాను. 2019 ఆగస్టులో మా ఊళ్లో లేడీ బర్డ్ లేక్‌లో ఈదిన కుక్కలు కొన్ని గంటల వ్యవధిలోనే చనిపోయాయి. రెడ్ బడ్ ఐల్ అని కుక్కల్ని గొలుసు లేకుండా వదిలే చోటు, అక్కడికే మేమూ వెళ్లేవాళ్లం. నాచులో పుట్టిన విషం. ఎండ మండి, నీళ్లు కదలకుండా, ఎరువులు కలిసిన చోట ఈ నాచు పెరుగుతుంది. కుక్క ఈదేటప్పుడు తాగుతుంది, బయటికొచ్చాక ఒళ్లు నాకుతుంది, రెండు విధాలా లోపలికి పోతుంది. అప్పటి నుంచీ ఇక్కడ ఎండాకాలం నీళ్లు పరీక్షించి చెప్తుంటారు, నేను ఆ పేజీ చూడకుండా మా కోకోని కారెక్కించను.

మన చెరువులకి పరీక్షలెవరు చేస్తారు? కాబట్టి కన్నే పరీక్ష. నీళ్ల మీద పచ్చ పెయింటు ఒలికినట్టు తెట్టు కట్టినా, గట్టు వారన నీలిపచ్చ నురగ కనిపించినా, ముక్కిన వాసన వచ్చినా ఆరోజు ఈత లేదు. దిగేసి ఉంటే వెంటనే మంచినీళ్లతో కడిగి, నాకనివ్వకుండా తుడిచి, డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి.

వెట్_ఉత్తరాంధ్ర | సోమవారం, మధ్యాహ్నం 12:40

అత్తయ్యగారు మంచి మాట గుర్తుచేశారు. దానికి తోడు ఇంకొకటి, దీన్ని ఎవరూ నమ్మరు. మంచినీళ్లు కూడా ఎక్కువైతే కుక్కని చంపుతాయి. బంతి విసురుతూ తెమ్మంటూ గంటసేపు ఆడిస్తాం కదా, బంతి నోట కరచి ఈదినప్పుడల్లా నోరు తెరిచే ఉంటుంది, గుక్కలు గుక్కలుగా నీళ్లు లోపలికి పోతాయి. రక్తంలో సోడియం పడిపోతుంది. పొట్ట ఉబ్బడం, తూలడం, వాంతి, చొంగ, కళ్లు తేలేయడం, ఆపైన ఫిట్స్. గంటల్లో ప్రాణం మీదికొస్తుంది. కాబట్టి గుండ్రటి బంతి బదులు బల్లపరుపుగా ఉండేది, ముడి వేసిన తాడు ముక్కలాంటిది వాడండి. పది నిమిషాలకోసారి బయటికి పిలిచి ఒంటికి పోనివ్వండి.

ఈదిన మర్నాడు తోక చచ్చినట్టు వేలాడితే కంగారు పడొద్దు. అలవాటు లేని ఈతకి తోక కండరాలు పట్టేస్తాయి, విశ్రాంతి ఇస్తే కొన్ని రోజుల్లో సర్దుకుంటుంది. నొప్పికి మన పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ మాత్రం వేయకండి. చెవులు పొడిగుడ్డతో పైపైన తుడవండి, పుల్లకి దూది చుట్టి లోపలికి పొడవొద్దు. లాబ్‌లకి చెవులు వాలి ఉంటాయి, తడి ఆరక చీము పడుతుంది.

పగ్_పావని | సోమవారం, మధ్యాహ్నం 12:58

డాక్టర్‌గారూ, లడ్డూ టబ్బులో నీళ్లు తాగేస్తాడు. దానికీ భయపడాలా?

వెట్_ఉత్తరాంధ్ర | సోమవారం, మధ్యాహ్నం 1:15

పగ్ టబ్బులో తాగేది దాహానికి. భయం లేదమ్మా. టబ్బులో షాంపూ కలపకుండా ఉంటే చాలు.

రేవుగట్టు | నాలుగు వారాల తర్వాత, ఆదివారం, ఉదయం 8:25

మీ అందరికీ చెప్పకుండా ఉండలేను. కొంచెం పెద్దదైంది, ఏమనుకోకండి.

మొదటి పది రోజులు డాక్టర్‌గారు చెప్పినట్టు రేవు ఒక్కటే. మా ఆవిడ నవ్వింది, "ఈత నేర్పుతానని మెట్లెక్కడం నేర్పుతున్నారేంటి" అని. జెండాకి ఆమె పాత ఎర్రచీర కొంగే కట్టాను. అనంత అన్న మాట మనసులో తొలుస్తుంటే మిగతా మూడు వైపులా గట్టు చెక్కించి, రెండుచోట్ల కొబ్బరి దుంగలు వాలుగా వేయించాను. ఒక దుంగ మీద మా పక్కింటి బాతులు కాపురం పెట్టేశాయి.

జాకెట్ వేసిన మొదటిరోజు సింబా కదలలేదండి. బొమ్మలా నిలబడి నన్ను చూశాడు, ఇదేం అవమానం అన్నట్టు. ఇంట్లోనే మూడు రోజులు వేసి తిప్పాక అలవాటు పడ్డాడు. లోతుకి వెళ్లిన రోజు పొట్ట కింద చెయ్యి పెడితే గుండె కొట్టుకోవడం వేళ్లకి తెలిసింది, నా గుండె కన్నా వేగంగా. మొదట టపటప. తర్వాత ఒక్కసారిగా చప్పుడు ఆగింది. వెన్ను సమంగా తేలింది, తోక వెనక తెడ్డులా అటూ ఇటూ కదిలింది. చెయ్యి తీశాను, వాడికి తెలియలేదు.

నేను కప్ప ఈతకి మారాను. నలభై ఏళ్లొచ్చాక మళ్లీ ఈత నేర్చుకున్నట్టుంది. రెండుసార్లు మీదికొచ్చాడు, అక్క చెప్పినట్టు పక్కకి తిరిగి ఛాతీ మీద చెయ్యి పెడితే తిరిగిపోయాడు. మూడోసారి నేనే మర్చిపోయి బార వేశాను, అంతే, వచ్చేశాడు. తప్పు నాదే.

నిన్న చెరువు సగం దాకా పక్కపక్కనే వెళ్లాం. మధ్యలో "రేవు" అన్నాను. వాడు తిరిగాడు, చీర కొంగు చూశాడు, నన్ను వదిలేసి వెళ్లిపోయి మెట్టు మీద కూర్చున్నాడు, మాంసం ముక్క కోసం. నేను ఇంకా నీళ్లలోనే ఉన్నాను.

మోటబావి_మల్లన్న | ఆదివారం, ఉదయం 9:00

శభాష్ తమ్మీ! జాకెట్ తీసేసినవా మరి?

రేవుగట్టు | ఆదివారం, ఉదయం 9:12

లేదన్నా. తీసే ఆలోచన కూడా లేదు. నేను ఇంట్లో లేనప్పుడు చెరువు గేటుకి తాళం కూడా వేస్తున్నాం.

అనంత_చేను | ఆదివారం, ఉదయం 9:30

తాళం మాట విని సంతోషం వేసింది తమ్ముడూ. ఆ కొబ్బరి దుంగల ఫోటో ఒకటి పెట్టు, ఎంత వాలుగా వేసినారో చూస్తా. మా కుంటకి టైర్లు ఎండకి పగుళ్లొస్తున్నాయి.